0-8 తేడాతో ఓడిన మన కళాశాల ఫుట్‌బాల్ జట్టు: తప్పు నిజంగా గోల్‌కీపర్‌దేనా?

పానగల్లు పాత విద్యార్థి:

అందరికీ నమస్కారం. మన నల్లగొండ డిగ్రీ కళాశాల జట్టు గత ఆదివారం హైదరాబాద్ వెళ్లి అక్కడి జట్టు చేతిలో 0-8 తేడాతో ఓడిపోయిన సంగతి మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. కళాశాల పేరు ఇక్కడ రాయను, పిల్లలు ఇప్పటికే పడవలసినన్ని మాటలు పడ్డారు. ఈ ఏడాది ఆడిన 5 మ్యాచ్‌లలో ఇది 4వ ఓటమి అయినా, ఇంత ఘోరంగా ఇంతకు ముందు ఓడలేదు.

నేను మైదానం పక్కనే నిలబడి మ్యాచ్ మొత్తం చూశాను. మొదటి 26 నిమిషాలు మనవాళ్లు వాళ్లకు దీటుగానే ఆడారు, ఒక కార్నర్ (మైదానం మూల నుంచి బంతి తన్నే అవకాశం) కూడా సంపాదించారు. 27వ నిమిషంలో మొదటి గోల్ పడింది, విరామం నాటికి లెక్క 5కు చేరింది. అరగంట దాకా నిలబడిన జట్టు ఆ తర్వాత 18 నిమిషాల్లో అట్లా ఎందుకు కూలిపోయింది? తిరుగు ప్రయాణంలో బస్సులో అందరూ గోల్‌కీపర్‌నే నిందించారు. నాకు అది న్యాయంగా అనిపించలేదు కానీ, కారణం ఇదీ అని విడమరిచి చెప్పలేకపోయాను. ఆట తెలిసినవారు చెప్పగలరా?

దేవరకొండ స్టాపర్:

తమ్ముడూ, నేను ఒకప్పుడు ఇదే జట్టుకు స్టాపర్‌గా, అంటే డిఫెన్స్ మధ్యలో ఆడినవాణ్ణి. ఎవరో ఫోన్‌లో తీసిన వీడియో నిన్న రాత్రి రెండుసార్లు చూశాను. మొదటి గోల్ సంగతి వదిలేద్దాం, కార్నర్ నుంచి అట్లాంటి గోల్ ఎవరికైనా పడుతుంది. అసలు తప్పు ఆ తర్వాత జరిగింది. వెంటనే సమం చేయాలన్న ఆత్రంలో మన నలుగురు డిఫెండర్లూ సెంటర్ లైన్ దాకా, ఒక్కోసారి దాన్ని దాటి కూడా ముందుకు వెళ్లిపోయారు. అవతలి జట్టు కుడి అంచున దాడి చేసే వింగర్ మాత్రం ఓపికగా మైదానంలో తన సగంలోనే, గీతకు ఒక్క అడుగు వెనకాల నిలబడ్డాడు. బంతిని ముందుకు పంపే క్షణంలో తన సగంలో ఉన్న ఆటగాడికి ఆఫ్‌సైడ్ (డిఫెండర్లను దాటి గోల్ వైపు ముందే నిలబడి బంతి అందుకునే తప్పు) వర్తించదు. ఆ చిన్న నియమం మనవాళ్లకు తెలియదో, తెలిసి మరిచిపోయారో కానీ, 2వ, 3వ, 4వ గోల్స్ మూడూ అదే దారిలో వచ్చాయి. మూడుసార్లూ మనవాళ్లు ఆఫ్‌సైడ్ అంటూ లైన్స్‌మన్ వైపు చెయ్యి ఎత్తి ఆగిపోయారు, ఆ వింగర్ మాత్రం ఆగలేదు.

ఇక గోల్‌కీపర్ సంగతి. గోల్ వెడల్పు 7.32 మీటర్లు, ఎత్తు 2.44 మీటర్లు. పూర్తి వేగంతో ఒంటరిగా దూసుకొచ్చే వింగర్‌కు ఎదురుగా ఒక్క పిల్లవాడు నిలబడితే, వాడు ఆపినప్పుడు మెచ్చుకోవాలి గానీ ఆపనందుకు తిట్టకూడదు. 2014 ప్రపంచకప్ సెమీఫైనల్‌లో జర్మనీ మీద బ్రెజిల్ సొంతగడ్డపైనే 1-7తో ఓడింది. అందులో 4 గోల్స్ 23వ నిమిషానికీ 29వ నిమిషానికీ మధ్య పడ్డాయి. అంతటివాళ్లే గోల్ పడగానే వెనక ఖాళీలు వదిలి ముందుకు ఎగబడితే ఏమైందో చూశాం కదా. గోల్ పడిన తర్వాతి 5 నిమిషాలు బంతిని తమ దగ్గరే ఉంచుకొని ఊపిరి తీసుకోవాలని మన పిల్లలకు ఎవరూ నేర్పలేదు.

చిట్యాల సైకిల్:

ఆ గోల్‌కీపర్ మా తమ్ముడే, కాబట్టి నా మాటల్లో పక్షపాతం కనిపిస్తే పెద్దలు మన్నించాలి. స్టాపర్ అన్న చెప్పినదానికి కొంత చేర్చుతాను. పిల్లలు తెల్లవారుజామున నల్లగొండలో ఆర్టీసీ బస్సెక్కి, నార్కట్‌పల్లి, చౌటుప్పల్ మీదుగా ఎల్బీనగర్‌లో దిగి, అక్కడి నుంచి సిటీ బస్సులో మైదానం చేరేసరికి ఆట మొదలవడానికి 20 నిమిషాలే మిగిలింది. పొద్దున తిన్నది ఇంటి నుంచి తెచ్చుకున్న పులిహోర. సోమవారం సెమిస్టర్ పరీక్ష ఉందని కొందరు రాలేదు, వెళ్లినవాళ్లు 12 మందే. అవతలివాళ్లు విరామం తర్వాత నలుగురిని మార్చి కొత్త కాళ్లతో ఆడితే, మనవాళ్లు పిక్కలు పట్టేసినా కుంటుతూ ఆడారు.

ఇంకొకటి నేల సంగతి. ఇక్కడ మనవాళ్లు సాధన చేసేది మొరం మీద. అదీ మైదానంలో సగమే, మిగతా సగం క్రికెట్ ఆడేవాళ్లది. బూట్ల అడుగున పట్టు కోసం ఉండే స్టడ్స్ మొరం మీద తొందరగా అరిగిపోతాయి కాబట్టి అవి ఉన్న బూట్లు ఎవరూ కొనరు, కాన్వాస్ బూట్లతోనే నడిపిస్తారు. అక్కడ నీళ్లు పట్టిన పచ్చిక మీద ఆ బూట్లతో మలుపు తిరగబోయి ఎంతమంది జారిపడ్డారో ఆ వీడియోలోనే కనిపిస్తుంది.

సాగర్ కాలువ గట్టు:

నేను కాస్త కటువుగా మాట్లాడతాను. సాయంత్రం సాధనకు రోజూ వచ్చేది ఐదారుగురే. బూట్లు, బస్సు, పులిహోర అన్నీ నిజమే కావచ్చు కానీ, మైదానానికి రానివాడికి ఆఫ్‌సైడ్ నియమం ఎవరు నేర్పుతారు?

అయితే కోచ్‌ను మార్చాలని కొందరు అంటున్నారు, దానికి మాత్రం నేను ఒప్పుకోను. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో భారత జట్టు యుగోస్లావియా చేతిలో 1-10తో ఓడింది. మనవాళ్లలో చాలామంది ఆ చలిలో వట్టి కాళ్లతో ఆడారు. ఆ జట్టు కోచ్ మన హైదరాబాద్‌కు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయనే కోచ్‌గా 1956లో మెల్‌బోర్న్‌లో బూట్లు తొడుక్కున్న భారత జట్టు సెమీఫైనల్ చేరి 4వ స్థానంలో నిలిచింది. మార్చింది బూట్లను, ఆట తీరును. కోచ్‌ను కాదు.

పానగల్లు పాత విద్యార్థి:

అందరికీ కృతజ్ఞతలు. నా సందేహం తీరింది. సాగర్ గారి మాట కటువుగా ఉన్నా కాదనలేను, హాజరు విషయం కెప్టెన్‌తో మాట్లాడతాను. తర్వాతి మ్యాచ్‌కు 3 వారాల గడువు ఉంది. క్రికెట్ ఆడేవాళ్లతో మాట్లాడి వారానికి రెండు పొద్దులు మైదానం మొత్తం మనకు వదిలేలా ఒప్పించాను. స్టడ్స్ ఉన్న బూట్లు 9 జతలు తక్కువపడుతున్నాయి, పాత విద్యార్థులలో కొనివ్వగలిగినవారు నాకు చెప్పండి, సైజులు పంపుతాను. స్టాపర్ అన్నా, మీరు ఒక్కరోజు వచ్చి ఆ నలుగురు డిఫెండర్లకు లైన్ ఎట్లా నిలపాలో చూపించగలరా?

దేవరకొండ స్టాపర్:

గురువారం పొద్దున 6 గంటలకు ఉంటాను. రెండు జతల బూట్లు నా తరఫున. డిఫెండర్లతో పాటు గోల్‌కీపర్ కూడా రావాలి. వెనక నుంచి మైదానమంతా కనిపించేది వాడికే కాబట్టి, లైన్‌ను వెనక్కి పిలిచే గొంతు వాడిదే కావాలి.

చిట్యాల సైకిల్:

అన్నా, ఆదివారం నుంచి వాడు మైదానం వైపు వెళ్లలేదు. మీరు రాసింది ఇప్పుడే చదివి వినిపించాను. గురువారం నేనే బండి మీద తీసుకొస్తాను.