మహావిష్ణు ఆర్కెస్ట్రా ఆఖరి ట్యూన్లు: సెంట్రల్ పార్క్ లైవ్ అసలా, ట్రైడెంట్ స్టూడియో టేపులా?

నల్గొండ గడియారం:
మొన్న గడియారం సెంటర్ల మా దోస్తుతోని మొదలైన లొల్లి ఇది, మూడు చాయ్‌లు అయినా తెగలే, అందుకే ఇక్కడ పెడుతున్న. తెలువనోళ్ళ కోసం జర చెప్తా. మహావిష్ణు ఆర్కెస్ట్రా అంటే 1971ల జాన్ మెక్‌లాఫ్లిన్ పెట్టిన బ్యాండు. గిటార్ ఆయన, డ్రమ్స్ బిల్లీ కోభమ్, కీబోర్డు యాన్ హామర్, వయొలిన్ జెర్రీ గుడ్‌మన్, బేస్ గిటార్ రిక్ లేయర్డ్. పాడేటోడు లేడు, అంతా వాయిద్యమే, జాజ్‌నీ రాక్‌నీ ఒక్కకాడ వేసి రోట్ల దంచినట్టు ఉంటది. 1971ల ది ఇన్నర్ మౌంటింగ్ ఫ్లేమ్, 1973ల బర్డ్స్ ఆఫ్ ఫైర్ వచ్చినయి. అదే 1973 జూన్‌ల లండన్ ట్రైడెంట్ స్టూడియోల మూడో ఆల్బమ్ కోసం రికార్డు చేసిన్రు గని అది బయటికి రాలే. ఆగస్టుల న్యూయార్క్ సెంట్రల్ పార్క్‌ల వాయించింది లైవ్ రికార్డుగ వచ్చింది, బిట్వీన్ నథింగ్‌నెస్ అండ్ ఎటర్నిటీ అని. ఆ ఏడాది ఆఖరుకల్ల ఐదుగురు విడిపోయిన్రు. స్టూడియో టేపులు కొలంబియా కంపెనీ స్టోర్ల పడి ఉండి ఉండి 1999ల ది లాస్ట్ ట్రైడెంట్ సెషన్స్ అని వచ్చినయి, అంటే 26 ఏండ్లకు.

నా మాట సూటిగ చెప్తున్న, ట్రైడెంట్‌దే అసలు. లైవ్‌ల లేయర్డ్ బేస్ ఏడున్నదో దేవులాడుకోవాలె, స్టూడియోల ఐదుగురూ ఎవరికి వారు వినపడ్తరు. ఇంకోటి, మొదటి రెండు ఆల్బమ్‌లల్ల ప్రతి ట్యూన్ మీద మెక్‌లాఫ్లిన్ పేరే ఉన్నది. ట్రైడెంట్‌ల సిస్టర్ ఆండ్రియా హామర్‌ది, ఐ వండర్ గుడ్‌మన్‌ది, స్టెపింగ్స్ టోన్స్ లేయర్డ్‌ది. ఈ టేపులు దొరకకపోతే ఆ ముగ్గురు ట్యూన్లు కట్టిన్రన్న ముచ్చట మనకు తెలిసేదే కాదు.

పాలమూరు పోరడు:
అన్నా ఆఖరి మాట తప్పు, ఏమనుకోకు. సిస్టర్ ఆండ్రియా లైవ్ రికార్డుల కూడ ఉన్నది, హామర్ పేరుతోనే. మిగిలిన రెండు, 1974ల హామర్, గుడ్‌మన్ ఇద్దరే కూసొని చేసిన లైక్ చిల్డ్రన్ ఆల్బమ్‌ల ఉన్నయి. అంటే ట్యూన్లు 25 ఏండ్ల ముందే జనానికి అందినయి.

అసలు సంగతి వేరే. వాయించినోళ్ళే పక్కన పెట్టిన టేపును అసలు అని మనం ఎట్లంటం? వాళ్ళు ఐదుగురు కలిసి ఉన్నప్పుడు వాళ్ళ చేతుల మీదుగ జనంల పెట్టింది లైవ్ రికార్డు. పీటల మీదికి రాని పెండ్లికి శుభలేఖ చూపిస్తె ఎట్లుంటది చెప్పు.

దేవరకొండ డప్పు:
నేను లైవ్ దిక్కే. నేను డప్పు కొట్టేటోన్ని, కాబట్టి నాకు కోభమ్ దిక్కే చెవి పోతది. రెండు కాళ్ళతోని రెండు బేస్ డ్రమ్ములు తొక్కుతడు, పైన చేతులు వేరే లెక్కల పోతుంటయి. మా దగ్గర డప్పు కొట్టే రెండు పుల్లలల్ల సిర్ర ఒక మాట చెప్తె సిటికెన పుల్ల ఇంకో మాట చెప్తది, రెండూ కలిసేకాడ జనం ఎగురుతరు, అదే పని ఆయన నలుగురు మనుషులంత చేస్తడు. డ్రీమ్ అనే ట్యూన్ చూడున్రి, స్టూడియోల దాదాపు 11 నిమిషాలు, లైవ్‌ల 21 నిమిషాలు దాటుతది, ఎల్‌పీల రెండో సైడు మొత్తం అదొక్కటే. మధ్యల గిటార్, డ్రమ్స్ ఇద్దరే మిగిలి ఒకరినొకరు తరుముకునే చోటు ఉన్నది, అక్కడ నాకు ఒళ్ళు జలదరిస్తది. డప్పు కాగినంక కొట్టే దెబ్బ వేరు, కాగకముందు వేరు. స్టూడియోల వీళ్ళు ఇంకా కాగలే. జూన్ నుంచి ఆగస్టు దాక ఊరూర తిరిగి వాయించి వాయించి కాగిన్రు. పెద్దగట్టు జాతరల ఓ లింగా అని లక్షల గొంతులు లేస్తుంటె వాయించుడు, తలుపులు మూసుకొని వాయించుడు ఒక్కటి కాదు.

వనపర్తి వయొలిన్:
చిన్న మాట. వీళ్ళని సైకిడెలిక్ అని రాస్తుంటరు, చాన మంది దాన్ని మత్తుమందు సంగీతం అనుకుంటరు. మెక్‌లాఫ్లిన్ అప్పుడు శ్రీ చిన్మయ్ శిష్యుడు, మహావిష్ణు అన్న పేరు పెట్టింది ఆ గురువే. జుట్టు కత్తిరించి తెల్లబట్టలు కట్టి, వాయించే ముందు జనాన్ని కాసేపు మౌనంగ ఉండమనేటోడు. వెస్లియన్ యూనివర్సిటీల ఎస్. రామనాథన్ గారి దగ్గర వీణ నేర్చుకున్నడు. బర్డ్స్ ఆఫ్ ఫైర్ ట్యూన్ 18 మాత్రల మీద నడుస్తది, మత్తుల ఉన్నోనితోని అయ్యే పని కాదు. తర్వాత శక్తి అనే బ్యాండు పెట్టి ఎల్. శంకర్, జాకిర్ హుస్సేన్, విక్కు వినాయక్‌రామ్‌లతోని వాయించిండు, చాన ఏండ్లకు మన పాలకొల్లు మాండొలిన్ శ్రీనివాస్ కూడ ఆయన పక్కన కూసున్నడు. లైవా స్టూడియోనా అంటె నాకు రెండూ కావాలె.

నల్గొండ గడియారం:
పాలమూరు తమ్మీ, లైక్ చిల్డ్రన్ సంగతి నువ్వు చెప్పింది కరెక్టే, నా మాట వాపస్ తీసుకుంటున్న. గని ఒకటి చూడు, ఆ ఆల్బమ్‌ల వాయిద్యాలన్నీ ఆ ఇద్దరే వాయించిన్రు, డ్రమ్స్ కూడ హామరే. లేయర్డ్ కట్టిన స్టెపింగ్స్ టోన్స్‌ల లేయర్డ్ లేడు, కోభమ్ లేడు. ఆ ట్యూన్‌ను ఐదుగురు కలిసి వాయించంగ వినాలంటె ట్రైడెంటే దిక్కు.

వాళ్ళే పక్కన పెట్టిన్రు అంటున్నవు, ఎవరు పెట్టిన్రు? అప్పటికే లోపల పొసుగుతలేదు. మా ట్యూన్లు కూడ ఉండాలె అని మిగిలినోళ్ళ బాధ, అది ఒక పత్రిక ఇంటర్వ్యూల బయటపడ్డది కూడ. అన్నదమ్ములు మాట్లాడుకోని ఇంట్ల పంట అమ్మకుండ కొట్టంల ఉంటె, పంట పాడైందని అర్థమా?

మిర్యాలగూడ మైక్‌సెట్:
నాకు జాజ్ గురించి మీ అంత తెలియదు, మా అబ్బాయి పెడితే వింటాను, కానీ రికార్డింగ్ అనేసరికి ఒక మాట చెప్పాలనిపించింది. మా నాయన ఒగ్గు కథలో డోలు కొట్టేవాడు. ఒకసారి హైదరాబాదులో ఒక స్టూడియోవాళ్ళు మల్లన్న కథ క్యాసెట్టు చేస్తామని పిలిచారు, అరవై నిమిషాల క్యాసెట్టు, సైడుకి ముప్పై. ఊళ్ళో తెల్లారేదాకా నడిచే కథ అది. సౌండ్ ఎక్కువవుతుందని డోలు మీద తువ్వాలు కప్పించారు, అద్దం వెనక నుంచి చెయ్యి ఊపినప్పుడల్లా ఆపెయ్యాలి, నాయన ఇంటికొచ్చి రెండ్రోజులు ఎవరితో మాట్లాడలేదు. ఆ క్యాసెట్టు ఆయన ఎప్పుడూ పెట్టుకోలేదు. నేను మా మైక్‌సెట్ యాంప్లిఫయర్ నుంచి వైరు లాగి టేప్‌రికార్డర్లో పట్టిన ఊరి కథే వినేవాడు, అందులో కుక్కలు మొరుగుతాయి, పిల్లలు ఏడుస్తారు, ఎవరో బీడీ అడుగుతారు, అయినా అదే ఇష్టం. అప్పుడు నేనూ లైవే గొప్ప అనుకునేవాణ్ణి.

నాయన దళంలో తాళాలు వేసే పెదనాయన ఒకాయన ఉండేవాడు. ఆయన పోయాక ఆయన తాళం విందామని ఊరి క్యాసెట్టు పెడితే వినపడలేదు. డోలు చప్పుడు కిందనే ఉండిపోయింది, నా మైకులు రెండూ కథ చెప్పేవాళ్ళ దగ్గర పెట్టాను మరి. స్టూడియో క్యాసెట్టు వెతికి తీసి పెడితే రెండో నిమిషంలోనే టింగుమని ఆయన తాళం, పక్కన కూర్చుని వేసినట్టు. పెద్దమ్మ ఆ ముక్కనే మళ్ళీ మళ్ళీ వెనక్కి తిప్పించుకుంది. గడియారం తమ్ముడు బేస్ వినపడదని అన్నప్పుడు నాకు అదే గుర్తొచ్చింది.

దేవరకొండ డప్పు:
అన్నా, ఇది చదివి నేను ఫోన్ పక్కన పెట్టి బయటికి పోయి వచ్చిన. డోలు మీద తువ్వాలు అన్నకాడ నా చేతులు గుంజినయి. నేను లైవ్ దిక్కే ఉంటా, గని బేస్ సంగతి మాట్లాడను ఇగ.

పాలమూరు పోరడు:
మైక్‌సెట్ అన్న చెప్పింది వింటె ఇగ పీటల పెండ్లి ముచ్చట నేను తీయ. అయితె నాది ఒక పట్టు మాత్రం ఇడువ, వాళ్ళు సెంట్రల్ పార్క్‌ల జనం ముంగట ఇచ్చినదాన్ని రెండో నంబర్ల పెట్టద్దు. స్టూడియో టేపులు తెలువని 26 ఏండ్లు జనం లైవ్ రికార్డుల ఉన్న మూడు ట్యూన్లతోనే బతికిన్రు, గిటార్ నేర్చుకున్నోళ్ళు అది వినే నేర్చుకున్నరు. ఆలస్యంగ దొరికిందని కొత్తది ఎక్కువా పాతది తక్కువా కాదు.

నల్గొండ గడియారం:
సరే తమ్మీ, డ్రీమ్ వరకు లైవ్‌కే ఇస్తున్న, డప్పు అన్న చెప్పిన గిటార్ డ్రమ్స్ ముక్క రాత్రి మళ్ళ విన్న, స్టూడియోల అంత దూరం పోలే నిజమే. ట్రిలజీ అనే ట్యూన్ మాత్రం ఇయ్య, ట్రైడెంట్‌ల సుట్టు తిరగకుండ దాని మూడు ముక్కలు ఒకదాంట్లకెల్లి ఒకటి పారుతయి. స్టెపింగ్స్ టోన్స్ మూడు నిమిషాల ట్యూన్, మందిల ఎవరూ దాని పేరెత్తరు. హెడ్‌ఫోన్ పెట్టుకొని మొదటి నుంచి బేస్ ఒక్కదాన్నే పట్టుకొని పోండ్రి, లేయర్డ్ ఎక్కడా పెద్దగ చెయ్యడు, మెట్టు మెట్టుగ ఎక్కుతనే ఉంటడు, మిగతా నలుగురు ఆయన మీద నిలబడి ఉంటరు. ఆయన 2021ల పోయిండు.

ఆదివారం పొద్దుగాల మా ఇంట్ల రెండూ పెడుతున్న, ముందు లైవ్, తర్వాత ట్రైడెంట్. మైక్‌సెట్ అన్నా, స్పీకర్లు నువ్వే తేవాలె, ఆ తాళం క్యాసెట్టు కూడ పట్టుకరా, టేప్‌రికార్డర్ నా దగ్గర నడుస్తనే ఉన్నది.