జూలైలో పశ్చిమ ఆస్ట్రేలియా కల్గూర్లీ దిక్కు బంగారం వెతకడానికి: మా 12 రోజుల ప్లాన్ చూసి చెప్పండి

హన్మకొండ_చౌరస్తా:
అందరికీ నమస్తే. వరంగల్ నుంచి ముగ్గురం, పెర్త్‌ల ఉండే మా బామ్మర్ది, మొత్తం నలుగురం. పెర్త్, కల్గూర్లీ, లియోనోరా, లావర్టన్, మీకథారా, మళ్ల పెర్త్. 12 రోజులు, రోజుకో చోట మకాం. మట్టి కడిగి బంగారం తీసే పళ్లాలు (పాన్లు) రెండు, ఒక వీఎల్ఎఫ్ (సాదా రకం) మెటల్ డిటెక్టర్ ఉన్నయి. బండి అద్దెకే. మైనర్స్ రైట్ (బంగారం వెతకడానికి అక్కడి సర్కారు ఇచ్చే అనుమతి) ఒకటి తీసుకుంటే నలుగురికీ నడుస్తదా? నీళ్లు ఎన్ని పెట్టుకోవాలె?

గోదావరిఖని_మూడోషిఫ్టు:
నడవదు. వెతికే ప్రతి మనిషికీ తన పేరు మీద మైనర్స్ రైట్ ఉండాలె. అది ఉన్నంత మాత్రాన ఎక్కడ పడితే అక్కడ తవ్వుకోవచ్చనుకుంటే చిక్కుల పడతరు. ఎవరి గని లీజులోనూ లేని ప్రభుత్వ భూమిలోనే అది చెల్లుతది. ముందు టెన్‌గ్రాఫ్ మ్యాప్ తెరవండి, గని హక్కులు (టెనెమెంట్లు) ఎవరివో చూపే సర్కారు ఆన్‌లైన్ మ్యాప్ అది. టెనెమెంట్ నంబరు 'పీ' లేదా 'ఎం'తో మొదలైతే ఓనర్ రాతపూర్వకంగా ఒప్పుకోవాలె. 'ఈ' అంటే ఎక్స్‌ప్లొరేషన్ లైసెన్స్. దానికి 40ఈ పర్మిట్ వేరే. అది మూడు నెలలు చెల్లుతది, చేతి పనిముట్లతోనే, రెండు మీటర్ల లోతు దాకనే. దరఖాస్తు కొన్ని వారాల ముందే పెట్టుకోండి, కల్గూర్లీలో దిగినంక పెడదామంటే మీ 12 రోజులు అందులోనే పోతయి. హద్దులు మారుతుంటయి కాబట్టి పోయే ముందురోజు మ్యాప్ మళ్లొకసారి చూడాలె. పశువుల స్టేషన్ భూమైతే వాళ్లకు ముందే కబురు చెప్పండి. తెరిచి ఉన్న గేటు తెరిచే, మూసిన గేటు మూసే వదలాలె.

ఇక జాగా. మన హన్మకొండ గుట్టల లెక్క గ్రానైటు బండలు కనిపిస్తే అక్కడ ఆగకండి. బంగారం ఎక్కువగా గ్రీన్‌స్టోన్ (పచ్చటి పాత అగ్నిశిల) పట్టీల్లో, వాటి అంచుల్లో ఉంటది. ఇనుప మరక పట్టిన తెల్ల పలుగురాయి, దాని కింది వాలు, ఎండిన ఒర్రె, పాతవాళ్లు తూర్పారబట్టి పోసిన మట్టి కుప్పలు... ఇవీ చూడాల్సినవి. ఆ కుప్పల పక్కనే కంచె లేని పాత షాఫ్టులు (నిలువు గని గుంతలు) ఉంటయి. చీకట్ల తిరగొద్దు, డిటెక్టర్ వూపుకుంట వెనక్కి అడుగెయ్యొద్దు.

పాన్లు ఇంట్లనే పెట్టిరండి. కల్గూర్లీ పట్నమే 1903 నుంచి 530 కిలోమీటర్ల పైన ఉన్న పైపులైన్ నీళ్లు తాగుతున్నది. అక్కడ మట్టి కడిగే వాగు ఎక్కడిది?

పరకాల_డీజిల్:
మీకథారా తీసేయండి. పెర్త్ నుంచి కల్గూర్లీకే దగ్గర దగ్గర 600 కిలోమీటర్లు, ఆడికెల్లి లియోనోరా ఇంకో 235. రోజుకో మకాం అంటే బండి తోలుడే తప్ప వెతుకుడు ఉండదు. లియోనోరా చుట్టూ రెండు క్యాంపులు చాలు, ఒక్కోచోట నాలుగు రోజులు.

నీళ్లు మనిషికి రోజుకు 10 లీటర్లు. నాలుగు రోజులకొకసారి ఊర్లకు వస్తరు, ఒకరోజు అదనం వేసుకోండి: 4 × 10 × 5 = 200 లీటర్లు, అంటే 20 లీటర్ల క్యాన్లు పది. ఆ 200 కిలోలు బండి టాప్ మీద ఎక్కిస్తే మూల మలుపుల్లో బోల్తా కొడుతది. వెనుక సీటుకు ఆనించి, కింద, బెల్టుతో బిగించాలె. ఒక్క పెద్ద ట్యాంకు వద్దు, అది చిట్లితే మొత్తం పోతది.

స్టెప్నీలు రెండు. అక్కడ టైరు ఎక్కువగా పక్కగోడకే చిరుగుతది, ఎండిన ముల్గా చెట్టు మోడులు పొడుచుకుంటయి; పక్కగోడ చిరిగితే పంక్చర్ పుల్లతో ఆగదు. మొరం రోడ్డు ఎక్కంగనే గాలి కొంత దించి నెమ్మదిగ పోండి, తారు రోడ్డు తగలంగనే మళ్లీ నింపాలె, కాబట్టి కంప్రెసర్ తప్పనిసరి. అద్దె కాగితంల మట్టిరోడ్డు మీద ఇన్సూరెన్స్ ఉందా లేదా అన్న వాక్యం చదివినంకనే సంతకం పెట్టండి. పొద్దుగూకినంక కంగారూలు రోడ్డెక్కుతయి, సాయంత్రం నాలుగున్నరకే బండి ఆపండి. జూలైల పొద్దు తొందరగ పోతది, రాత్రి చలి గట్టిగనే ఉంటది.

హన్మకొండ_చౌరస్తా:
చాలా థాంక్స్ అన్నా. మీకథారా తీసేసినం. మరి డిటెక్టర్?

ములుగు_మొరంనేల:
ఆ నేలల ఇనుము ఎక్కువ, వీఎల్ఎఫ్ ఊరికే మొత్తుకుంటది. అసొంటి నేలను తట్టుకునే పల్స్ ఇండక్షన్ మెషిన్, అంటే మైన్‌ల్యాబ్ జీపీఎక్స్ లాంటిది, అద్దెకు తీసుకోండి. స్టీలు ముక్కు బూట్లు వద్దు, ఫోన్ దూరం పెట్టాలె. కాయిల్ (డిటెక్టర్ కింది పళ్లెం) నేలకు ఆనినట్టే ఉండాలె, కొసలల్ల పైకి లేవొద్దు. ఒక్క ఊపుకు మూడు సెకన్లు పట్టాలె. నేల రంగు మారినప్పుడల్లా గ్రౌండ్ బ్యాలెన్స్, అంటే మెషిన్‌ను ఆ నేలకు సరిజేసుకోవాలె.

చప్పుడు రాంగనే లోతుగ తవ్వకండి. బూటుతో పైమట్టి రెండు అంగుళాలు పక్కకు తోసి మళ్ల చూడండి. చప్పుడు తావు మారితే అది ఎక్కువగా పైన పడ్డ తుక్కే. తావు మారకపోతే పిక్‌తో తవ్వి, మట్టిని ప్లాస్టిక్ స్కూప్‌ల ఎత్తి కాయిల్ మీద ఆడించాలె. మోగితే సగం మట్టి అరచేతిలకు ఒంపి మళ్ల ఆడించాలె. ఏ సగం మోగితే అది ఉంచి, మిగతాది పారబోయాలె. చివరికి చిటికెడు మట్టి మిగులుతది. ఎక్కువసార్లు అండ్ల తూటా సీసమో, బూటు మేకో ఉంటది. మేకైతే అయస్కాంతానికే అంటుకుంటది. ప్రతి గుంత పూడ్చాలె, అది చట్టం కూడా.

గోదావరిఖని_మూడోషిఫ్టు:
ఇంకో ముచ్చట. ఆ దిక్కు చాలాచోట్ల సిగ్నల్ ఉండదు. శాటిలైట్ ఫోను, ఆపదల సిగ్నల్ పంపే 406 మెగాహెర్ట్జ్ బీకన్ పెర్త్‌లనే అద్దెకు తీసుకుని అక్కడే తిరిగి ఇచ్చేయండి. అనుమతి లేకుండ శాటిలైట్ ఫోన్ ఇండియాకు తెస్తే ఎయిర్‌పోర్టులనే కేసు. శాటిలైట్‌తోని మెసేజ్ పంపే చిన్న మెషిన్లకూ అదే తిప్పలు. దొరికిన ముడి బంగారం నగల లెక్కల రాదు, కస్టమ్స్ రెడ్ చానల్‌ల చూపించి సుంకం కట్టాలె.