తలకు దెబ్బ తగిలినవాళ్లకు మినోసైక్లిన్: ఇవ్వొచ్చా?

పటమట_రవి:
మా బావ బైక్ మీద నుంచి పడి ఎనిమిది నెలలైంది. ఆపరేషన్ లేకుండానే బయటపడ్డాడు గానీ, చెప్పిందే మళ్లీ మళ్లీ చెబుతాడు, చిన్న మాటకే కస్సుమంటాడు. మొటిమలకు వాడే మినోసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మెదడు వాపు తగ్గిస్తుందని ఎవరో వాట్సాప్‌లో పంపారు. గవర్నర్‌పేటలో తెచ్చి మొదలుపెడదామని అక్క ఒకటే గోల. మీరేమంటారు?

కృష్ణలంక_కుర్రోడు:
ఇచ్చేయండన్నా. 1970ల నుంచి జనం మింగుతున్న మందు. ఎలుకల్లో బాగా పనిచేసింది. చవక మందు కాబట్టే కంపెనీలు పట్టించుకోవు, అంతే!

కొత్తపేట_ఫార్మసిస్ట్ (గుంటూరు):
పట్టించుకోకపోవడమేంటి తమ్ముడూ, మనుషుల మీదే చూశారు. మెదడులో మైక్రోగ్లియా అనే కాపలా కణాలుంటాయి. దెబ్బ తగిలితే అవి రెచ్చిపోయి వాపు తెస్తాయి, కొందరిలో ఏళ్ల తరబడి శాంతించవు. మినోసైక్లిన్ రక్తంలోంచి మెదడులోకి వెళ్లి వాటిని అణచగలదు. బ్యాక్టీరియాను ఆపే పనికీ దీనికీ సంబంధం లేదు.

లండన్ పరిశోధకులు తలకు దెబ్బ తగిలి కనీసం ఆరు నెలలైన 15 మందిని తీసుకుని 2018లో ఫలితాలు ప్రచురించారు. 12 వారాలు మందు వాడినవాళ్ల స్కాన్‌లో మైక్రోగ్లియా హడావుడి తగ్గింది. ఇంతవరకూ మీ వాట్సాప్ కరెక్టే. కానీ అదే సమయంలో వాళ్ల రక్తంలో న్యూరోఫిలమెంట్ పెరిగింది. నరాల కణాలు దెబ్బతింటే బయటికొచ్చే ప్రొటీన్ అది. అంటే మైక్రోగ్లియా కొంత మేలు కూడా చేస్తున్నాయేమో! రవిగారూ, మీ బావగారిది సరిగ్గా ఆ కేసే.

కృష్ణలంక_కుర్రోడు:
మరి చైనాలో పక్షవాతం రోగుల సంగతో? 2025లో వచ్చిన పెద్ద ట్రయల్, 1,700 మందికి పైనే. బాగా కోలుకున్నవాళ్లు మందు ఇచ్చినవాళ్లలో 53 శాతం దాకా, ఇవ్వనివాళ్లలో 47. అది చెప్పరేం?

కొత్తపేట_ఫార్మసిస్ట్:
చెబుతాను. అక్కడ 72 గంటల్లోపే మొదలుపెట్టి, కొద్ది రోజులు ఇచ్చి ఆపేశారు. జబ్బు వేరు, టైమ్ వేరు. ఇదే మందును ఏఎల్ఎస్ అనే నరాల జబ్బులో 412 మందికి పరీక్షిస్తే, 2007లో తేలిందేమిటంటే, మందు వాడినవాళ్లు ఇంకా వేగంగా క్షీణించారని. అక్కడా ఎలుకలు ముందు బాగానే కోలుకున్నాయి మరి.

అరండల్‌పేట_లక్ష్మి:
అన్నయ్యగారూ, 15 మందితో తేల్చేస్తారా? రక్తంలో ఒక అంకె పెరిగినంత మాత్రాన మనిషికి నష్టం జరిగినట్టేనా? మా ఇంట్లోనూ ఇలాంటి పేషెంట్ ఉన్నారు. ఏళ్లు గడిచినా డాక్టర్లు "చూద్దాం" అనే మాట తప్ప ఇంకేం చెప్పరు. ఆశ పెట్టుకోవడం కూడా తప్పేనా?

కొత్తపేట_ఫార్మసిస్ట్:
తప్పు కాదమ్మా. 15 మంది చాలరన్నది నిజమే, అందుకే పెద్ద ట్రయల్ జరగాలంటాను. అందులో చేరే అవకాశం వస్తే నేనే చేరమంటాను. షాపులో కొని ఇంట్లో ఇవ్వడం వేరు. తల గాయాల్లో వాపు తగ్గిస్తుందని స్టెరాయిడ్ ఏళ్ల తరబడి ఇచ్చారు. పది వేల మందితో ట్రయల్ పెడితే, 2004లో తేలింది: స్టెరాయిడ్ ఇచ్చినవాళ్లలోనే చావులు ఎక్కువ.

ఇంకోటి, మినోసైక్లిన్ వల్ల అరుదుగా తల లోపల ఒత్తిడి పెరుగుతుంది. తలనొప్పి, చూపు మసకబారడం మొదలవుతుంది. అది మందు వల్లా, పాత దెబ్బ వల్లా అన్నది ఇంట్లో ఎవరు కనిపెడతారు?

పటమట_రవి:
మంగళవారం న్యూరో ఓపీ ఉంది. అప్పటిదాకా అక్కను ఆపుతాను. బావకు ఇప్పటికే ఫిట్స్ మాత్రలు నడుస్తున్నాయి, అవి కూడా చెప్పాలా?

కొత్తపేట_ఫార్మసిస్ట్:
చీటీ కాదు, మాత్రల అట్టలే పట్టుకెళ్లండి. ఆ కోపం, మతిమరుపు ఫిట్స్ మందు వల్ల కూడా వస్తాయేమో ముందు అడగండి.