టోక్యో 6000 సిరీస్ రైళ్లు జకార్తాకు వెళ్లడం మంచిదేనా?

పట్టాలపిచ్చి: టోక్యో మెట్రో చియోదా లైన్‌లో 1971 నుంచి తిరిగిన 6000 సిరీస్ రైళ్లు 2018 నవంబర్‌లో ఆగిపోయాయి. చాలా పెట్టెలు 2011 నుంచే ఓడెక్కి ఇండోనేషియాలోని జకార్తా వెళ్లాయి. నేనైతే మంచి పని అంటాను. రెండు చోట్లా పట్టాల వెడల్పు 1,067 మిల్లీమీటర్లే, పైతీగలో 1,500 వోల్టుల డీసీ కరెంటే. అల్యూమినియం బాడీ, ఇనుములా తుప్పు పట్టదు. అలాంటిదాన్ని తుక్కు చేస్తారా?

కృష్ణాతీరం: యాభై ఏళ్ల బండి టోక్యోవాళ్లకు పనికిరాదు గానీ జకార్తావాళ్లకు పనికొస్తుందా?

పట్టాలపిచ్చి: యాభై ఏళ్లెక్కడివండీ? నమూనా బండి 1968ది, తయారీ 1990 దాకా సాగింది. అన్నీ ఒకే వయసువి కావు.

కృష్ణాతీరం: డిజైన్ ఎప్పటిది? 1968. అదే వయసు.

నిషికసాయి: నేను టోక్యోలో ఓతెమాచి స్టేషన్‌లో దిగి చియోదా లైన్‌కి మారేవాణ్ణి. ముందు భాగంలో ఓ పక్కకి జరిగి ఉండే ఆ తలుపు ఇంకా కళ్లలో ఉంది. ఆపద వస్తే అదే మెట్లుగా దిగేది. పైగా చాపర్ కంట్రోల్, అంటే మోటారుకి వెళ్లే కరెంటుని ఎలక్ట్రానిక్ స్విచ్‌తో చకచకా ఆపుతూ వదులుతూ నడిపే పద్ధతి; బ్రేక్ వేస్తే కరెంటు తిరిగి తీగలోకి పోయేది. ఆ రోజుల్లో అది చాలా ముందున్న బండి, చెత్త అనకండి.

కృష్ణాతీరం: వయసు గురించి అడిగితే తలుపు గురించి చెప్తారేంటి?

సుందర్: ఫోటోలుంటే పెట్టండి అన్నా.

జావాలో_తెలుగు: 2011లో ఉద్యోగానికి ఇక్కడికి వచ్చాను. అప్పట్లో పాత లోకల్ రైళ్ల పైకప్పుల మీద జనం కూర్చుని పోయేవాళ్లు, వాళ్లను ఆపడానికి 2012లో పట్టాల పైన కాంక్రీటు గుండ్లు వేలాడదీశారు. ఏసీ ఉండి, తలుపులు మూసుకునే జపాన్ పెట్టె ఎక్కిన రోజు నాకు ప్రాణం లేచొచ్చింది. తలుపు దగ్గర వేలాడిన వాడికి తెలుస్తుంది దాని విలువ.

కృష్ణాతీరం: మరి 2023లో ఇండోనేషియా ప్రభుత్వమే పాతవి వద్దంది కదా?

జావాలో_తెలుగు: వద్దన్నది ప్రభుత్వం. రైళ్లు నడిపే సంస్థ కావాలనే అడిగింది, రద్దీ అలా ఉంది మరి. రోజూ నిలబడి వెళ్లేవాళ్లని ఎవరడిగారు?

కృష్ణాతీరం: మమ్మల్నీ ఎవరూ అడగలేదు! మా ఊరి దగ్గర ఓ ఆస్పత్రికి, పెద్ద ఆస్పత్రిలో మూలన పడేసిన ఎక్స్‌రే మిషన్ పంపారు. నెలకే ఆగిపోయింది. తుంటి విరిగిన మా అమ్మని ఆటోలో రెండు గంటలు తీసుకెళ్లాను, గుంత వచ్చినప్పుడల్లా ఆమె అరుస్తుంటే నేనేం చేయగలను? వాడేసింది ఇచ్చి మేలు చేశామంటే నాకు ఒళ్లు మండుతుంది.

నిషికసాయి: అమ్మగారు ఇప్పుడెలా ఉన్నారండీ?

కృష్ణాతీరం: కర్రతో నడుస్తుంది.

పట్టాలపిచ్చి: మీ కోపం అర్థమైంది. మిషన్ బాగుచేసే మనిషిని పంపారా?

కృష్ణాతీరం: ఎవరూ రాలేదు.

జావాలో_తెలుగు: ఇక్కడ డిపోల్లో మనుషులున్నారు, విడిభాగాల కోసం కొన్ని పెట్టెల్ని విప్పుతారు కూడా. ఊరికే ఇచ్చినవి కావు, డబ్బు పెట్టి కొనుక్కున్నవి.

కృష్ణాతీరం: కొనుక్కున్నారంటే సరే, ఆ మాట ఒప్పుకుంటాను. వయసు మాత్రం 1968 నుంచే లెక్కపెడతా.

పట్టాలపిచ్చి: 1990 అండీ!