ఇద్దరు సిమాలలో ఎవరి చరిత్రను ఎక్కువ నమ్మాలి?

శాసనాలపిచ్చి:
చైనా చరిత్ర చదివేవాళ్లకు సిమా అనే ఇంటిపేరు మాటిమాటికీ తగులుతుంది. మూడు రాజ్యాల కాలంలో వెయ్ రాజ్యాన్ని గుప్పిట్లో పెట్టుకున్న సిమా యీ, ఆ రాజ్యాన్ని మింగేసి జిన్ వంశాన్ని మొదలుపెట్టిన ఆయన మనవడు సిమా యాన్ ఆ ఇంటిపేరు వాళ్లే. నా ప్రశ్న మాత్రం చరిత్ర రాసిన ఇద్దరు సిమాల గురించి. ఒకడు హాన్ కాలపు సిమా చియెన్, 130 అధ్యాయాల ‘షీజీ’ రాసినవాడు. రెండోవాడు దాదాపు పదకొండు వందల ఏళ్ల తర్వాత సోంగ్ కాలంలో పుట్టిన సిమా గువాంగ్ (1019–1086), ‘తోంగ్‌జియెన్’ రాసినవాడు. చైనాలో ఇద్దరినీ జంటగానే తలుచుకుంటారు. ఎవరి మాట మీద ఎక్కువ ఆధారపడొచ్చు?

నా ఓటు గువాంగ్‌కే. క్రీ.పూ. 403 నుంచి క్రీ.శ. 959 వరకు 1362 ఏళ్ల చరిత్రను ఏడాది వారీగా 294 భాగాల్లో పెట్టాడు. 1066లో మొదలైన పని 1084లో చక్రవర్తి చేతికి అందింది. సహాయకులు ముందుగా దొరికినదంతా పోగేసి పెద్ద చిత్తుప్రతి తయారు చేయాలి. ఎక్కువైనా ఫర్వాలేదు, ఏదీ వదలొద్దు అని తాంగ్ కాలపు భాగాన్ని చూసుకున్న సహాయకుడు ఫాన్ జూయూకి చెప్పాడు. కోసి కుదించే పని తన చేతిలో పెట్టుకున్నాడు. ఒకే సంఘటన గురించి పుస్తకాలు పొంతన లేకుండా చెబితే, దేన్ని తీసుకున్నాడో, దేన్ని వదిలాడో, ఎందుకో చెప్పడానికి 30 భాగాల గ్రంథం విడిగా రాశాడు.

ఉదాహరణ చూడండి. హాన్ వంశ స్థాపకుడు లియూ బాంగ్ తన యువరాజును మార్చాలనుకున్నాడు. నలుగురు తెల్లగడ్డం మునులు ఆ యువరాజు వెనక నిలబడటం చూసి ఆగిపోయాడని షీజీ చెబుతుంది. గువాంగ్ ఆ కథను పక్కన పెట్టేశాడు. అంత మొండి మనిషి నలుగురు ముసలివాళ్లను చూసి జంకుతాడా? మంత్రులెవరూ ఒప్పుకోలేదు, తన తర్వాత చిన్న కొడుకు నిలబడలేడని భయపడ్డాడు, అందుకే ఆగాడు అని కారణం రాసి మరీ వదిలాడు. ఆ తర్కం ఈనాటి పరిశోధకుడిది.

గోదారిగట్టు:
శాసనాలపిచ్చి గారూ, కథ బాగుందంటే కల్పితమే అయ్యుండాలన్న అనుమానం చియెన్ మీద చాలామందికి ఉంది. ఆయన తన ఆధారాలు ఎక్కడ చెబుతాడో చూడరు.

క్రీ.పూ. 227లో జింగ్ ఖ అనేవాడు పటంలో బాకు చుట్టి తీసుకెళ్లి చిన్ రాజును చంపబోయాడు. రాజు స్తంభం చుట్టూ పరుగెత్తాడు, పొడవాటి కత్తి ఒరలోంచి రాలేదు, ఆస్థాన వైద్యుడు షియా వూజూ చేతిలోని మందుల సంచి విసిరి కొట్టాడు. సినిమా సీనులా ఉంటుంది, నిజమే. కానీ అధ్యాయం చివర చియెన్ ఏమంటాడు? ఆ వైద్యుడితో స్నేహం చేసిన ఇద్దరి పేర్లు చెప్పి, వాళ్ల ద్వారా ఈ సంగతి తెలిసింది అంటాడు. గొలుసు మొత్తం మన ముందు పెట్టాడు. లియూ బాంగ్ అనుచరుడు ఫాన్ క్వాయ్ విషయంలోనూ అంతే, అతని మనవడితో తనకు పరిచయం ఉందనీ, ఆ వీరుల తొలినాళ్ల సంగతులు అతనే చెప్పాడనీ రాశాడు. ఇరవై ఏళ్ల వయసులో దేశాటనకు బయల్దేరి, కవి చూ యువాన్ మునిగి చనిపోయిన మీలో నది దాకా వెళ్లి చూసొచ్చాడు.

ఇంకో మాట. షీజీలో ఇచ్చిన, ఎంతో పాతదైన షాంగ్ వంశపు రాజుల జాబితాను చాలాకాలం పురాణ కాలక్షేపంగా కొట్టిపారేసేవాళ్లు ఉండేవారు. ఆన్‌యాంగ్ దగ్గర తవ్విన జోస్యపు ఎముకల మీది రాతలను పరిశీలించి చైనా పండితుడు వాంగ్ గువోవెయ్ 1917లో తేల్చింది ఏమిటంటే, కొద్ది తేడాలు తప్ప ఆ జాబితా నిజం. చియెన్‌కి, ఆ రాజులకి మధ్య దాదాపు వెయ్యేళ్లు! పురాణాల్లోని శాతవాహనుల పేర్లను నమ్మాలా అన్న సందేహం మనకూ ఉండేది కదా. కోటిలింగాలలో సిముకుడి నాణేలు దొరికినప్పుడు కలిగిన సంతోషం లాంటిదే ఇది.

లెక్కలమాస్టారు:
ఇద్దరి మాటా విన్నాను. సాక్షి పేరు చెప్పిన చోట నాకు పేచీ లేదు. సాక్షి ఉండే అవకాశమే లేని చోట ఏం చేద్దాం?

క్రీ.పూ. 210లో చైనా మొదటి చక్రవర్తి (జింగ్ ఖ చంపబోయిన ఆ చిన్ రాజే) యాత్ర మధ్యలో షాచియూ దగ్గర చనిపోయాడు. నపుంసక అధికారి జావ్ గావ్, ప్రధాని లీ స, చిన్న కొడుకు హూహాయ్ కలిసి చక్రవర్తి ఉత్తరాన్ని మార్చేసి, పెద్ద కొడుక్కి చావు ఆజ్ఞ పంపారని షీజీ చెబుతుంది. జావ్ గావ్ ఎలా బెదిరించాడో, లీ స ఎలా మెత్తబడ్డాడో పేజీల కొద్దీ సంభాషణ ఉంది. గదిలో ఉన్నవాళ్లు కొన్నేళ్లలోనే చచ్చారు. ఆ మాటలు ఎవరు విన్నట్టు?

పైగా పెకింగ్ విశ్వవిద్యాలయానికి 2009లో చేరిన వెదురు పత్రాల్లో ఒక హాన్ కాలపు రచన బయటపడింది. 2015లో అచ్చయింది. దాని ప్రకారం కుట్రే లేదు. మంత్రులు హూహాయ్ పేరు చెబితే చక్రవర్తి బతికుండగానే సరే అన్నాడు. రెండు వేల ఏళ్లుగా అందరూ నమ్మిన కథకు ఎదురుగా ఇంకో కథ నిలబడింది.

గోదారిగట్టు:
మాస్టారూ, ఆ వెదురు రచన కూడా సంభాషణలతో నీతి చెప్పే కథలాగే నడుస్తుంది. అందులో ఆయన్ను చక్రవర్తి అనరు, రాజు అనే అంటారు. పాతదైనంత మాత్రాన నిజమైపోదు. ఆ రోజుల్లో జనంలో ఒకటికి మించిన కథనాలు తిరుగుతున్నాయి అన్నంత వరకే అది రుజువు.

ఇక్కడ శాసనాలపిచ్చి గారిని ఒకటి అడగాలి. మీ గువాంగ్ షాచియూ కుట్ర గురించి ఏం రాశాడు? చియెన్ చెప్పిందే తీసుకుని రాశాడు. ముప్పై భాగాల పరిశీలన గ్రంథం అక్కడ అక్కరకు రాలేదు. క్రీ.పూ. మూడో శతాబ్దానికి వచ్చేసరికి ఆయన చేతిలో ఉన్న ప్రధాన ఆధారం షీజీయే. అలాంటప్పుడు ఆ కాలం వరకు గువాంగ్ ఎక్కువ నమ్మదగినవాడు అనడంలో అర్థం ఏముంది? తాంగ్ కాలానికి ఆయనే గొప్ప, కాదనను. అప్పటి పుస్తకాలు కొన్ని తర్వాత పోయాయి, వాటిలోని సంగతులు ఆయన వల్లే మిగిలాయి.

ఓరుగల్లు_పాఠకురాలు:
ఆధారాల లెక్క ఒక్కటే చూస్తే సరిపోదండీ. ఎవరి కోసం రాశారన్నది కూడా చూడాలి. గువాంగ్ పుస్తకం చక్రవర్తి ముందు పెట్టడానికి రాసింది. పాలనకు పనికొచ్చే అద్దం అని అర్థమొచ్చే పేరు కూడా చక్రవర్తి పెట్టిందే. రాజుకు పనికిరాదనుకున్నది బయటికి పోతుంది. చూ యువాన్ అంతటి కవి, దేశం కోసం ప్రాణం తీసుకున్న మంత్రి, తోంగ్‌జియెన్‌లో కనబడడు! నాకు ఇది చిన్న విషయంగా అనిపించదు.

చియెన్ సంగతి చూడండి. క్రీ.పూ. 99లో లీ లింగ్ అనే సేనాని 5000 మంది కాల్బలంతో వెళ్లి ఉత్తరాది సంచార జాతి షియోంగ్ను సైన్యం చేతిలో చిక్కి లొంగిపోయాడు. సభలో అందరూ అతన్ని తిడుతుంటే చియెన్ ఒక్కడే అతని తరఫున మాట్లాడాడు. చక్రవర్తి వూ మరణశిక్ష వేయించాడు. డబ్బు కట్టి తప్పించుకునే వీలుంది, ఆ డబ్బు ఇంట్లో లేదు, స్నేహితులు నోరెత్తలేదు. గౌరవం ఉన్నవాడు ఆత్మహత్య చేసుకోవాలి, అది అప్పటి మర్యాద. ఆయన మాత్రం పుంసత్వం తీసేసే శిక్షను ఎంచుకుని బతికాడు. పుస్తకం పూర్తి కాలేదు కాబట్టి. తండ్రి సిమా తాన్ చనిపోతూ చెయ్యి పట్టుకుని ఏడ్చి అప్పగించిన పని అది. స్నేహితుడు రెన్ ఆన్‌కి రాసిన ఉత్తరంలో, మనిషికి చావు ఒక్కటే, అది థాయ్ పర్వతమంత బరువు కావచ్చు, ఈకంత తేలిక కావచ్చు అంటాడు. ఆ ఉత్తరం చదివిన ప్రతిసారీ గుండె బరువెక్కుతుంది నాకు.

అలాంటివాడు రాశాడు కాబట్టే షీజీలో ఓడిపోయినవాళ్లకు చోటుంది. లియూ బాంగ్‌తో పోరాడి ఓడిన, చక్రవర్తి కాని షియాంగ్ యూకి చక్రవర్తుల వరసలో అధ్యాయం, కూలిపని చేసి తిరుగుబాటు లేపిన చెన్ షెకి సామంత వంశాల వరసలో అధ్యాయం. వ్యాపారులు, హంతకులు, విదూషకులు కూడా ఉన్నారు. మన దేశం ప్రస్తావన సైతం అందులో ఉంది. దూతగా వెళ్లిన జాంగ్ చియెన్ బాక్ట్రియా (ఇప్పటి అఫ్ఘనిస్తాన్ వైపు) బజారులో చైనాలోని సిచువాన్ ప్రాంతపు బట్ట, వెదురు కర్రలు చూసి, ఇవి ఎక్కడివి అని అడిగితే, ఇండియా నుంచి మా వర్తకులు తెచ్చారు, అక్కడ ఉక్క ఎక్కువ, జనం ఏనుగులెక్కి యుద్ధం చేస్తారు అని చెప్పారట. రాజు కోసం మాత్రమే రాస్తే ఇంత లోకం ఇమడదు.

శాసనాలపిచ్చి:
పాఠకురాలు గారూ, చూ యువాన్ లేకపోవడం నాకూ నచ్చదు. కానీ రాజు కోసం రాసినవాడు కాబట్టి రాజభక్తితో వంచి రాశాడంటే ఒప్పుకోను. గువాంగ్ కుటుంబం తమ మూలపురుషుడిగా చెప్పుకున్నది సిమా ఫూని. ఈయన సిమా యీకి స్వయానా తమ్ముడు. అంటే మూడు రాజ్యాల చివరి ఘట్టం గువాంగ్‌కి సొంతింటి గొడవ. క్రీ.శ. 260లో వెయ్ యువ చక్రవర్తి త్సావ్ మావ్, సిమా యీ కొడుకు సిమా జావ్ మీద తిరగబడ్డాడు. బయల్దేరే ముందు, సిమా జావ్ మనసులో ఏముందో దారిన పోయేవాడికి కూడా తెలుసు అన్నాడు. చైనాలో ఈ రోజుకీ ఆ మాట సామెతగా వాడతారు. గువాంగ్ దాన్ని దాచలేదు. చక్రవర్తిని పొడిచి చంపడం, తర్వాత సిమా జావ్ ఆడిన నాటకం, అన్నీ ఉన్నాయి. ఇంటిపేరు కాపాడుకోవాలనుకుంటే అన్నిటికన్నా ముందు కత్తిరించాల్సిన పేజీ అది.

లెక్కలమాస్టారు:
అది గట్టి పాయింటే. మరి రాజకీయాల్లో ఆయన తీరు? అప్పటి ప్రధాని వాంగ్ ఆన్‌షీ సంస్కరణలను వ్యతిరేకించి 1071లో లువోయాంగ్ చేరి పుస్తకం మీద కూర్చున్నాడు. 1085లో చక్రవర్తి పోగానే తిరిగొచ్చి, మంచీ చెడూ చూడకుండా దాదాపు అన్నిటినీ రద్దు చేశాడు. ప్రభుత్వానికి చేయాల్సిన వెట్టిపనికి బదులు డబ్బు కట్టే పద్ధతిని ఉంచమని సొంత పక్షం వాడైన సూ షీ బతిమాలినా వినలేదు. ఐదు రోజుల్లో పాత పద్ధతి పెట్టి చూపించిన అధికారి త్సాయ్ జింగ్‌ను మెచ్చుకున్నాడు. ఆ త్సాయ్ జింగే తర్వాత అధికారంలోకి వచ్చి, ద్రోహుల జాబితా రాతి మీద చెక్కించి అందులో గువాంగ్ పేరు పెట్టించాడు. రెండు వైపులా విని తూచాలని పుస్తకంలో చూపించిన మనిషి పదవిలో అలా చేయలేకపోయాడు.

శాసనాలపిచ్చి:
ఆ విషయంలో మీతో ఏకీభవిస్తాను మాస్టారూ. కానీ చరిత్రను 959 దగ్గర ఆపేశాడు, తన రాజవంశం మొదలు కాకముందే. వాంగ్ ఆన్‌షీ మీద కక్ష తీర్చుకునే పేజీ అందులో లేదు.

గోదారిగట్టు:
అయితే ఇద్దరూ రాసిన ఒకే ఘట్టం పక్కపక్కన పెట్టి చూద్దాం. క్రీ.పూ. 206, హోంగ్‌మెన్ విందు. షియాంగ్ యూ శిబిరానికి లియూ బాంగ్ క్షమాపణ చెప్పుకోవడానికి వచ్చాడు. సలహాదారు ఫాన్ జెంగ్ నడుముకున్న పచ్చరాయి ఆభరణం మూడుసార్లు ఎత్తి చూపిస్తాడు, ఇక చంపెయ్ అని. షియాంగ్ యూ పలకడు. కత్తి నాట్యం, ఫాన్ క్వాయ్ డాలు మీద పెట్టుకుని పచ్చి పంది మాంసం కోసుకు తినడం, ఇవి ఇద్దరిలోనూ ఉన్నాయి. గువాంగ్ వాక్యాలు చాలావరకు చియెన్‌వే.

ఒకటి మాత్రం గువాంగ్ తీసేశాడు, ఎవరు ఎటు తిరిగి కూర్చున్నారన్నది. షీజీలో షియాంగ్ యూ తూర్పు ముఖంగా, ఫాన్ జెంగ్ దక్షిణ ముఖంగా, లియూ బాంగ్ ఉత్తర ముఖంగా కూర్చున్నారు. లియూ బాంగ్ సలహాదారు జాంగ్ లియాంగ్ పడమటి ముఖంగా నిలబడి కనిపెట్టుకుని ఉన్నాడు. అలాంటి విందులో తూర్పు ముఖం గౌరవ స్థానం. అతిథికి ఇవ్వాల్సిన ఆ చోట ఆతిథ్యం ఇచ్చేవాడే కూర్చున్నాడు. అతిథి షియాంగ్ యూ సలహాదారు కంటే కూడా తక్కువ చోట కూర్చున్నాడు, నోరు మెదపలేదు. చంపాల్సిన అవసరం లేదని షియాంగ్ యూ ఎందుకు అనుకున్నాడో నాకు ఆ నాలుగు దిక్కుల్లోనే అర్థమైంది.

శాసనాలపిచ్చి:
ఆ వివరం సాక్షి చెప్పిందా, చియెన్ కూర్చోబెట్టిందా అన్నది నా సందేహం.

గోదారిగట్టు:
ఆ గుడారంలోకి తోసుకుని వెళ్లి, జాంగ్ లియాంగ్ పక్కన కూర్చున్నవాడు ఫాన్ క్వాయ్. చియెన్‌కి సంగతులు చెప్పింది ఆయన మనవడు.