రెండు రోజుల్లో నాలుగు ఫుట్‌బాల్ మ్యాచ్‌లు, అన్నింటికీ అదే పదకొండు మంది: తప్పు నాదేనా?

టవర్‌క్లాక్ గూనర్, అనంతపురం:

నాకు టవర్ క్లాక్ దగ్గర సెల్‌ఫోన్ రిపేరు షాపు ఉంది. ఇంగ్లండు క్లబ్బు ఆర్సెనల్ అభిమానిని, కాబట్టి బాధలు కొత్త కాదు. అది చాలదన్నట్టు ఒక చిన్న టీం కూడా నడుపుతున్నాను. పొద్దున ఆరింటికి ఆర్ట్స్ కాలేజీ గ్రౌండుకి వచ్చే పిల్లలు, ముగ్గురు ఉద్యోగస్తులు, మొత్తం పదహారు మంది. కోచ్ నేనే, మేనేజర్ నేనే, జెర్సీలు ఉతికించేది కూడా నేనే.

పోయిన నెల జిల్లాలోనే ఒక ఊర్లో నాకౌట్ టోర్నమెంటుకు పోయాం. శనివారం సాయంత్రం ఒక మ్యాచ్, ఆదివారం పొద్దున ఏడింటికి క్వార్టర్స్, మూడింటికి సెమీస్, సోమవారం ఫైనల్ అని కాగితం మీద రాసిచ్చారు. సెమీస్ గెలిచి వేపచెట్టు కింద కూర్చుని బూట్లు విప్పుతుంటే ఒకాయన మైకు పట్టుకునే వచ్చి "ఫైనల్ ఈరోజే, ఐదున్నరకి" అన్నాడు. చీఫ్ గెస్టు రాత్రి రైలెక్కాలంట. ఎండలో అరవై నిమిషాలు పరిగెత్తినవాళ్లకి దక్కింది గంటంబావు విశ్రాంతి, రెండు బక్కెట్ల నీళ్లు.

నాలుగు మ్యాచ్‌లకీ నేను అదే పదకొండు మందిని దింపాను. గెలుస్తున్న టీంని కదిలించకూడదని నా నమ్మకం. బెంచ్ మీద ఐదుగురున్నారు. అందులో ఒకడు ఇంటర్ సెకండియర్, బుక్కరాయసముద్రం నుంచి సైకిల్ మీద వస్తాడు. రెండు రోజులూ షిన్ గార్డులు కట్టుకుని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. మొదటి మ్యాచ్‌లో ఇంకా ఇరవై నిమిషాలుండగా 4-0 మీదున్నాం. అప్పుడు కూడా వాణ్ణి దింపలేదు. గోల్ డిఫరెన్స్ (కొట్టిన గోల్స్‌కీ తిన్న గోల్స్‌కీ తేడా) పెరుగుతుందని అనుకున్నాను. నాకౌట్‌లో గోల్ డిఫరెన్స్ ఎందుకని మా గోల్‌కీపర్ తర్వాత అడిగితే నా దగ్గర జవాబు లేదు.

ఫైనల్ సగానికి 0-0. సెకండాఫ్ ఎనిమిదో నిమిషంలో మా లెఫ్ట్ బ్యాక్‌కి (ఎడమ పక్క డిఫెండర్) పిక్క పట్టేసింది. బొటనవేలు వెనక్కి లాగాం, స్ప్రే కొట్టాం, ఓఆర్ఎస్ తాగించాం, లేవలేదు. కుర్చీలో పిల్లోణ్ణి దింపాను. మొదటి బంతి వాడి కాలి కిందనుంచి జారి బయటికి పోయింది. రెండో బంతికి వాళ్ల వింగర్ వీడి పక్కనుంచి దూసుకుపోయి సెంటర్ చేశాడు, గోల్. చివర్లో ఇంకొకటి. 0-2.

ఆ రాత్రి బ్యాగులోంచి జెర్సీలు తీస్తున్నా. మావి ఆర్సెనల్ లాగే ఎర్ర జెర్సీలు, తెల్ల చేతులు. ఆ గ్రౌండంతా ఎర్రమట్టి. పన్నెండు జెర్సీల చేతులు ఇటుక రంగుకి తిరిగి చెమటకి అట్ట కట్టాయి. నాలుగు మాత్రం నేను ఇచ్చిన మడత మడతలాగే ఉన్నాయి.

రాత్రి పదకొండు నలభైకి, జెర్సీలు కొనిచ్చిన స్పాన్సర్ వాట్సాప్ గ్రూపులో పెట్టాడు: "కోచ్‌ను మార్చే విషయం ఆదివారం మాట్లాడుకుందాం." దానికి రెండు బొటనవేళ్లు పడ్డాయి. ఒకటి మా సెంటర్ బ్యాక్‌ది.

నిజం చెప్తున్నా, 2023లో ఆర్సెనల్ డిఫెండర్ సలీబా దెబ్బ తగిలి కూర్చున్నప్పుడు నేను కోచ్ ఆర్తెతాని తిట్టని తిట్టు లేదు. అప్పటిదాకా ఎక్కువగా బెంచ్ మీదే ఉన్న హోల్డింగ్‌ని ఆ స్థానంలోకి పట్టుకొచ్చి నిలబెడితే ఏమవుతుంది? లివర్‌పూల్ మీద 2-0 నుంచి 2-2, వెస్ట్‌హామ్ మీదా 2-0 నుంచి 2-2, సౌతాంప్టన్‌తో 3-3, ఆ తర్వాత మాంచెస్టర్ సిటీ చేతిలో 4-1. మా వింగర్ సాకా వరసగా 87 లీగ్ మ్యాచ్‌లు ఆడి రికార్డు పెడితే నేనే స్టేటస్ పెట్టుకున్నా. 2024 డిసెంబరులో వాడి తొడ కండరం పోయి మూడు నెలలు పైగా కూర్చుంటే మళ్లీ కోచ్‌నే తిట్టా. ఇప్పుడు అదే తప్పు నేను చేశాను.

కానీ ఒకటి చెప్పండి. ఏ మ్యాచ్ ఓడినా ఇంటికే అన్నప్పుడు ఎవడికి ధైర్యం వస్తుంది మంచి ఆటగాణ్ణి కూర్చోబెట్టడానికి? టాటెన్‌హామ్ కోచ్ పోస్టెకోగ్లూ సంగతి చూశారుగా. 2025లో లీగ్ మ్యాచ్‌ల్లో ముఖ్యమైనవాళ్లకి రెస్టిచ్చి, యూరప్ క్లబ్బుల టోర్నీ యూరోపా లీగ్ మీద పడ్డాడు. టాటెన్‌హామ్‌కి 17 ఏళ్ల తర్వాత కప్పు తెచ్చాడు. లీగ్‌లో 17వ స్థానం. కప్పు ఎత్తిన పదహారు రోజులకే పంపించేశారు. రెస్టిచ్చినా పోతుంది, ఇవ్వకపోయినా పోతుంది. మరేం చేయాలి?

కడప కాప్:

అన్నా, నీ పిల్లోడి కథ చదివాక నాకు 2019 డిసెంబరు 17 గుర్తొచ్చింది. ఆ రోజు లివర్‌పూల్‌కి ఆస్టన్ విల్లాతో లీగ్ కప్ (లీగ్ వేరు, ఇది నాకౌట్) క్వార్టర్స్. మర్నాడే దోహాలో క్లబ్ వరల్డ్ కప్ సెమీస్. ఒకే క్లబ్బు, రెండు ఖండాలు, ఇరవై నాలుగు గంటల తేడా. కోచ్ క్లాప్ సీనియర్లను తీసుకుని దోహా పోయాడు. విల్లా మీదికి పోయింది పిల్లలు, సగటు వయసు ఇరవై కూడా లేదు. 5-0తో చితక్కొట్టారు. మా రూములో పక్క మంచం మీద మాంచెస్టర్ అభిమాని తెల్లారేదాకా నవ్వాడు.

ఆ 5 గోల్స్ తిన్న గోల్‌కీపర్ ఎవరు? కెలెహర్. 2024 ఫిబ్రవరిలో చెల్సీతో లీగ్ కప్ ఫైనల్ గుర్తుందా? సగం మంది సీనియర్లు ఆసుపత్రిలో, మళ్లీ పిల్లలే దిగారు. అదనపు సమయంలో, 118వ నిమిషంలో మా వాన్ డైక్ హెడర్, 1-0. గోల్‌లో ఎవరు? అదే కెలెహర్, ఒక్క గోలూ ఇవ్వలేదు. ముందు వరసలో ఎలియట్. వాడు కూడా ఆ విల్లా టీంలోవాడే.

అంటే బెంచ్ అనేది ఫైనల్ రోజు పుట్టదన్నా. ఎప్పుడో ఓడిపోయినా ఫరవాలేదన్న మ్యాచ్‌లో పుడుతుంది. నీ మొదటి మ్యాచ్ 4-0 అన్నావే, నాకు కడుపు మండింది అక్కడే. ఫైనల్ సంగతి తర్వాత.

కర్నూలు డిఫెండర్:

ఈ బెంచ్ భజన చాలుగానీ, 2015-16 లెస్టర్ క్లబ్బు గురించి ఎవరూ మాట్లాడరేం? వాళ్ల కోచ్ రానియేరి ఇంచుమించు అదే పదకొండు మందిని తిప్పి తిప్పి లీగ్ కొట్టాడు. అలవాటైన కాళ్లకి ఒకరి మాట ఒకరికి చెప్పక్కర్లేదు. నేను పదేళ్లు డిఫెండర్‌గా ఆడాను. పక్కన నిలబడేవాడు ప్రతి మ్యాచ్‌కీ మారితే ఆఫ్‌సైడ్ లైన్ పట్టడం (డిఫెండర్లంతా ఒకే గీతలో కదలడం) ఎంత నరకమో నాకు తెలుసు. "నువ్వెళ్తావనుకున్నా", "నువ్వెళ్తావనుకున్నా" అని ఇద్దరం అక్కడే నిలబడితే బంతి వెనకాల గోల్‌లో ఉంటుంది.

అయితే రానియేరికి ఆ ఏడాది యూరప్ మ్యాచ్‌లు లేవు, కప్పుల్లోంచి కూడా తొందరగానే బయటపడ్డారు. వారానికి ఒక మ్యాచ్. మరుసటి ఏడు యూరప్ పెద్ద టోర్నీ చాంపియన్స్ లీగ్ వచ్చి పడింది, లీగ్‌లో కింద పడ్డారు, లీగ్ కొట్టిన తొమ్మిది నెలలకే ఆయన్నీ పంపేశారు. కాబట్టి అసలు గొడవ రొటేషన్ (ఆటగాళ్లను మార్చి మార్చి ఆడించడం) కాదు, టైంటేబుల్. 2024 సెప్టెంబరులో మాంచెస్టర్ సిటీ ఆటగాడు రోడ్రి ఏమన్నాడు? ఏడాదికి 40, 50 మ్యాచ్‌ల దాకా బాగా ఆడగలం, ఆ పైన వల్ల కాదు, ఇట్లయితే సమ్మె దాకా పోతుంది అన్నాడు. ఐదు రోజులకే, మీ ఆర్సెనల్‌తో మ్యాచ్‌లోనే మోకాలు పోయింది. వరసగా నాలుగు లీగ్‌లు కొట్టిన సిటీ ఆ ఏడు మూడో స్థానంలో తేలింది. అదే సీజన్ నుంచి చాంపియన్స్ లీగ్ మొదటి దశలో 6 మ్యాచ్‌లు కాస్తా 8 అయ్యాయి. 2025 ఎండాకాలం సెలవుల్లో 32 టీంలతో క్లబ్ వరల్డ్ కప్ కూడా తగిలించారు.

(మన దగ్గర దీనికి పూర్తిగా ఉల్టా. 2025లో మన దేశపు లీగ్ ఐఎస్ఎల్ ఎప్పుడు మొదలవుతుందో తెలియక ఆటగాళ్లు ఖాళీగా కూర్చున్నారు. 2022లో కప్పు కొట్టిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2025లో పేరు మార్చుకుని ఢిల్లీకి పోయింది. ఏడ్వాలో నవ్వాలో తెలీదు.)

గూనర్ అన్నకి నా ప్రశ్న ఒకటే. మూడింటికి సెమీస్ ఆడి ఐదున్నరకి ఫైనల్ ఆడతామని తలూపింది ఎవరు? "సోమవారం అని రాసిచ్చారు, సోమవారమే ఆడతాం" అనే మాట ఎందుకు రాలేదు?

టవర్‌క్లాక్ గూనర్:

తలూపింది నేనే. అవతలి టీం సరేనంది, మేము కాదంటే భయపడ్డారంటారని. పైగా సోమవారం షాపు తెరవాలి, ఇద్దరు పిల్లలకి పరీక్ష ఉంది. అప్పుడు లాభంగానే కనపడిందప్పా.

రిటైర్డ్ పీఈటీ, అనంతపురం:

నాయనా, నేను ముప్పై ఏళ్లు పిల్లలను మ్యాచ్‌లకు తిప్పినవాణ్ణి. మీరంతా ఇంగ్లండు లెక్కలు చెప్తున్నారు, నేను మన రహీం సాబ్ సంగతి చెప్తాను. 1962 జకార్తా ఏషియన్ గేమ్స్. ఇండియా టీంకి కోచ్ మన హైదరాబాద్ రహీం సాబే, అప్పటికే ఒంట్లో క్యాన్సర్. థాయ్‌లాండ్ మ్యాచ్‌లో డిఫెండర్ జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడ్డాయి. వెనక ఆడించే వీల్లేక సెమీస్, ఫైనల్లో ముందుకు తెచ్చి ఫార్వర్డ్‌గా నిలబెట్టారు. రెండింట్లోనూ గోల్ కొట్టాడు. ఫైనల్లో దక్షిణ కొరియా మీద 2-1, బంగారు పతకం.

దీన్ని అందరూ సాహసం కింద చెప్పుకుంటారు, సాహసమే. కానీ మ్యాచ్ మధ్యలో ఆటగాణ్ణి మార్చుకునే వీలు అప్పట్లో లేదు. ప్రపంచ కప్‌లో అది 1970లో గానీ రాలేదు. ఇప్పుడు ఐదుగురిని మార్చుకోవచ్చు. చేతిలో ఐదుగురిని పెట్టుకుని, పిక్క పట్టేసేదాకా ఒకణ్ణే పరిగెత్తించడం సాహసం కిందికి రాదు.

నీ తప్పు ఎక్కడుందో చెప్తాను, ఏమనుకోకు. ఆడేదెవరో ముందు రోజు రాత్రే చెప్పాలి. "రేపు సెకండాఫ్ నుంచి నువ్వే" అని చెప్తే ఆ పిల్లవాడు పడుకునేదీ వేరు, తినేదీ వేరు. ఆడనని తెలిసినవాడు పొద్దున్నే ఉగ్గాని, దాని మీద రెండు మిరపకాయ బజ్జీలు లాగిస్తాడు. వాడిదేం తప్పు? నేనైతే ప్రతి మ్యాచ్‌లో చివరి పదిహేను నిమిషాలు ఇద్దరు కొత్తవాళ్లను దింపేవాణ్ణి, స్కోరు ఎంతున్నా సరే. రెండు మూడు మ్యాచ్‌లు పోగొట్టుకున్నాను కూడా. హెడ్మాస్టర్ గదిలో నిలబడి తిట్లు తిన్నాను.

ఇంకొకటి. ఇంటర్వెల్లో బెంచ్ పిల్లలు నీళ్లందించేవాళ్లు కాదు. గోల్ పోస్టు వెనక పరిగెత్తాలి. రెండు రోజులు కుర్చీలో బిగుసుకున్న కాళ్లకి మొదటి బంతి జారిపోక ఏమవుతుంది?

టవర్‌క్లాక్ గూనర్:

సార్, మీరు పక్కన కూర్చుని చూసినట్టే చెప్పారు. సెమీస్ అయ్యాక వాడు బండి దగ్గర నాలుగు బజ్జీలు తిన్నాడు. డబ్బులిచ్చింది నేనే.

ఆదివారం మీటింగు అయింది. స్పాన్సర్ గట్టిగానే మాట్లాడాడు. నేను బుకాయించలేదు, 4-0 సంగతి నేనే ముందు చెప్పి తప్పు ఒప్పుకున్నా. ఇంకో రెండు టోర్నమెంట్లు చూద్దామన్నాడు. బొటనవేలు పెట్టిన సెంటర్ బ్యాక్ నా పక్కనే కూర్చుని టీ తాగాడు, నేనూ ఏమీ అడగలేదు.

పిల్లోడు నాలుగు రోజులు గ్రౌండుకి రాలేదు. ఐదో రోజు పొద్దున షాపు షట్టరు తీస్తుంటే వచ్చి, పగిలిన ఫోను గ్లాసు మార్చమని చేతిలో పెట్టాడు. గ్లాసు మారుస్తూ, వచ్చే ఆదివారం ఫ్రెండ్లీలో మొదటినుంచీ నువ్వే అన్నాను. వాడు వెంటనే "లెఫ్ట్ బ్యాక్ వద్దన్నా, నేను కుడికాలోణ్ణి" అన్నాడు. ఏడాదిగా నా దగ్గర ఆడుతున్నాడు, వాడు ఏ కాలితో తంతాడో నేను గమనించలేదు. గ్లాసు డబ్బులు తీసుకోలేదు.

కర్నూలు తమ్ముడికి: నీ మాట కూడా ఊరికే పోలేదు. జూన్‌లో ఇంకో టోర్నమెంటుకి పిలుపొచ్చింది. ప్రైజ్ మనీ ఎంతని అడగలేదు. చీఫ్ గెస్టు ఎవరు, ఆయన రైలు ఎన్ని గంటలకి అని అడిగాను.

కర్నూలు డిఫెండర్:

ఎన్ని గంటలకంట?

టవర్‌క్లాక్ గూనర్:

బస్సంట.