వార్డు ఆఫీసు మీద సోలార్ పలకలా, కావేరి పైపులకు అతుకులా?

మారతహళ్లి మధు:
నిన్న రాత్రి మా అపార్ట్‌మెంట్ గ్రూపులో పెద్ద గొడవ. బెంగళూరు 2050కల్లా నెట్ జీరో (వదిలే కర్బన ఉద్గారాలు, తొలగించేవి సరిసమానం) కావాలని 2023 నవంబరులో ప్రణాళిక విడుదల చేశారు కదా, మరి ప్రభుత్వం తన సొంత పనుల వల్ల వచ్చే ఉద్గారాల్లో ముందు వేటిని తగ్గించాలి అని. సగం మంది వార్డు ఆఫీసులు, స్కూళ్ల పైకప్పుల మీద సోలార్ పెట్టాలన్నారు. నాకు అది ఫొటోల పనిలా అనిపిస్తుంది.

ఎందుకో చూడండి. కావేరి నీళ్లు తొరెకాడనహళ్లి పంపింగ్ స్టేషన్ నుంచి దాదాపు 100 కిలోమీటర్లు వస్తాయి, దారిలో సుమారు 500 మీటర్లు పైకి ఎక్కుతాయి. కిలోలీటరు నీళ్లు అంటే ఒక టన్ను. టన్నును అంత ఎత్తుకు లేపడానికే 1.36 యూనిట్ల కరెంటు కావాలి. పంపు, మోటారు నష్టాలు, పైపులో రాపిడి కలిపితే రెండు యూనిట్లు అనుకుందాం. కావేరి నీటి పథకం ఐదో దశ రాకముందే రోజుకు 1,450 మిలియన్ లీటర్లు తోడేవారు. అంటే రోజుకు 29 లక్షల యూనిట్లు! ఆ నీళ్లలో పాతిక శాతానికి పైగా లెక్కలోకి రాని నీరేనని, అంటే తోడినా బిల్లు కానిదేనని, అందరికీ తెలుసు. ఆ పాతిక శాతానికే ఏడు లక్షల యూనిట్లు పోతున్నాయి. పది కిలోవాట్ల సోలార్ రోజుకు 40 యూనిట్లు ఇస్తుంది. ఎన్ని పైకప్పులు కావాలో మీరే భాగించుకోండి. ముందు లీకులు మూయాలి, ఆ తర్వాతే పలకలు.

యలహంక పెద్దాయన:
మధు బాబూ, లెక్క బాగుంది. కానీ నీళ్లు జలమండలివి, అది రాష్ట్రం చేతిలో ఉంది. 2025లో ఒక్క కార్పొరేషన్ ఐదు అయ్యాయి, అయినా కావేరి పంపుల మీద వాళ్లకు ఏ అధికారమూ రాలేదు. వాళ్ల చేతిలో ఉన్నది చెత్త, వీధి దీపాలు.

మండూరుకు చెత్త లారీలు పోయిన రోజులు నాకు బాగా గుర్తు. ఆ ఊరివాళ్లు ఎన్ని ధర్నాలు చేస్తే 2014లో ఆపారు! అరటి తొక్క చేలో పడితే ఎరువవుతుంది. అదే చెత్తగుట్ట అడుగున గాలి ఆడకుండా కుళ్లితే మీథేన్ వస్తుంది. నూరేళ్ల లెక్కలో బొగ్గుపులుసు వాయువు కంటే అది 28 రెట్లు గట్టిది. తడి చెత్తను వార్డులోనే ఎరువో గ్యాసో చేస్తే గుట్టా ఉండదు, అంత దూరం లారీ డీజిలూ ఉండదు. తడి, పొడి వేరుచేయమని 2012లోనే హైకోర్టు చెప్పింది. మా వీధిలో ఇప్పటికీ రెండూ ఒకే సంచిలో వేస్తారు, మా కోడలితో సహా.

పంపుల సుబ్బు:
ఇరవై ఏళ్లుగా పంపుసెట్ల పని చేస్తున్నాను, అందుకే నోరు ఆగడం లేదు. మధు అన్నా, మీ లెక్కలో రెండు చిక్కులున్నాయి.

ఒకటి, లెక్కలోకి రాని నీరంతా లీకు కాదు. దొంగ కనెక్షన్లు, తప్పు చూపే మీటర్లు కూడా అందులోనే. ఆ నీళ్లు ఎవరో ఒకరు తాగుతున్నారు.

రెండు, ఇది ముఖ్యం. లీకు మూస్తే పంపు ఆగుతుందా? ఆగదు. ఊరికి నీళ్లు చాలడం లేదు. మిగిలిన నీళ్లు రేపు ఇంకో లేఅవుట్‌కు పోతాయి. తొరెకాడనహళ్లి మీటరు ఒక్క యూనిట్ కూడా తక్కువ తిరగదు.

నిజంగా బిల్లు తగ్గాలంటే పంపునే చూడాలి. ఇంపెల్లర్ (పంపు లోపల నీటిని నెట్టే చక్రం) అరిగి 70 శాతం సామర్థ్యం మీద నడిచేదాన్ని 80కి తెస్తే, అదే నీటికి ఎనిమిదో వంతు కరెంటు మిగులుతుంది. రోడ్డు తవ్వాల్సిన పని లేదు, ఎవరూ రిబ్బన్ కత్తిరించరు. అందుకేనేమో దీని గురించి ఎవరూ మాట్లాడరు.

హెబ్బాళ హరి:
సోలార్‌ను మరీ తీసిపారేయకండి. స్కూలుకు కరెంటు బిల్లు తగ్గడం చిన్న విషయం కాదు.

మారతహళ్లి మధు:
సుబ్బు గారూ, మొదటిది ఒప్పుకుంటున్నాను, ఏడు లక్షలు ఎక్కువ చెప్పాను. రెండోది మాత్రం సగమే ఒప్పుకుంటాను. 2024 మార్చి గుర్తుందా? ఊళ్లోని ప్రభుత్వ బోర్లలో దాదాపు సగం ఎండిపోయి అందరం ట్యాంకర్ల వెంట పడ్డాం. ఆ కొత్త లేఅవుట్‌కు పైపు నీళ్లు రాకపోతే వెయ్యి అడుగుల బోరు, దాని పైన డీజిల్ ట్యాంకరు. ఆ పొగ తగ్గుతుందిగా?

లెక్కల లక్ష్మి:
తగ్గుతుంది, కానీ ప్రభుత్వం ఖాతాలో కాదు. ట్యాంకరు ప్రైవేటువాడిది. మీరందరూ వాదిస్తున్నది పొగ గురించి కాదు, ఆ పొగ ఎవరి ఖాతాది అన్న దాని గురించి.

మా ఆఫీసులో ఈ లెక్కలు రాయడమే నా పని. సొంత బండి తాగిన డీజిల్ మొదటి ఖాతా, కొన్న కరెంటు రెండోది, మనకోసం బయటివాళ్లు చేసే పనుల పొగ మూడోది. చెత్త ఆటోలు కాంట్రాక్టరువైతే, మూడో ఖాతా తెరవని కార్పొరేషన్ నివేదికలో ఆ డీజిల్ కనిపించదు. రేపు సొంత ఆటోలన్నీ కాంట్రాక్టుకు ఇచ్చేస్తే కాగితం మీద ఉద్గారాలు తగ్గిపోతాయి, వీధిలో పొగ అలాగే ఉంటుంది! కాబట్టి సోలారా, పైపా అనే ముందు మూడో ఖాతా కూడా రాస్తున్నారా అని అడగండి. నన్నడిగితే టెండరులోనే ఎలక్ట్రిక్ ఆటోలు అని షరతు పెట్టాలి. దానికి జలమండలిని బతిమాలక్కర్లేదు.

ముళబాగిలు కుర్రాడు:
మీరు వాడి వదిలిన నీళ్లే శుద్ధి చేసి 2018 నుంచి మా కోలారు చెరువులకు పంపుతున్నారు, దానికీ పంపులే. పార్కులకు, బిల్డింగు పనులకు ఆ శుద్ధి నీళ్లే వాడుకుంటే కావేరి అంత తోడక్కర్లేదు కదా? అలాగని మా వాటా కొయ్యొద్దు సామీ, మా బోర్లలో ఇప్పుడిప్పుడే నీళ్లు కనబడుతున్నాయి.

యలహంక పెద్దాయన:
లక్ష్మమ్మా, ఆటోల మాట నచ్చింది. కానీ తడి, పొడి కలిపి మోసే ఆటో కరెంటుతో నడిచినా పోయేది ఆ గుట్టకే.

మారతహళ్లి మధు:
సోలార్ మీద నా మాట మారలేదు, హరి ఏమనుకున్నా సరే. లీకుల మీద మాత్రం మెత్తబడ్డాను. సుబ్బు గారూ, ఒక సందేహం. పంపు సామర్థ్యం కొలవాలంటే సరఫరా ఆపాలా? ఆపాలంటే ఎవరూ ఒప్పుకోరు.

పంపుల సుబ్బు:
అక్కర్లేదు అన్నా. పైపు బయటే అల్ట్రాసోనిక్ మీటరు కట్టి ప్రవాహం చూస్తాం, గేజిలో ప్రెషర్, మోటారు దగ్గర ఎన్ని యూనిట్లు తిరిగాయో చూస్తాం. ఒక్కో పంపుకు గంటా రెండు గంటలు. నీళ్లు వస్తూనే ఉంటాయి.